నవ్వు ఆగిన చోటు

హాస్యమూ కరుణా పరస్పర విరోధి రసాలని ప్రాచీన ఆలంకారికులు నిర్ణయించారు. ఏడ్చే ఇంట నవ్వరాదన్నది లోకమర్యాద కూడా. అయినా మృత్యువు నిత్యం కనిపించే చోటనే నవ్వు పుట్టించిన రచయితలు లేకపోలేదు. అమెరికా టెలివిజన్ రచయిత లారీ గెల్బార్ట్ అటువంటివారిలో ఒకరు.

గెల్బార్ట్ 1928లో షికాగో నగరంలో, వలస వచ్చిన యూదు దంపతులకు జన్మించారు. తండ్రి క్షురకవృత్తితో కుటుంబాన్ని పోషించేవాడు. లాస్ ఏంజిల్స్‌లో తన వద్దకు వచ్చే హాస్యనటుడు డానీ థామస్‌తో ఆయన తన కుమారుని చమత్కారాన్ని గురించి ప్రస్తావించాడు. ఆ మాటతో పదహారేళ్ల ప్రాయంలోనే గెల్బార్ట్‌కు రేడియో హాస్యరచనలో ప్రవేశం లభించింది. తరువాత ఆయన బాబ్ హోప్ బృందంలో రచయితగా చేరి, యుద్ధం సాగుతున్న కొరియాను ప్రత్యక్షంగా చూశారు.

ఆ అనుభవం ఇరవై ఏళ్లకు అక్కరకు వచ్చింది. 1972లో సి.బి.ఎస్. సంస్థ ప్రసారం ప్రారంభించిన 'మ్యాష్' ధారావాహికకు ఆయన రూపకల్పన చేశారు. రిచర్డ్ హుకర్ నవల, దాని ఆధారంగా 1970లో వచ్చిన చలనచిత్రం దీనికి మూలాలు. కొరియా యుద్ధకాలపు సంచార సైనిక వైద్యశాలలో కథ నడుస్తుంది. క్షతగాత్రులు హెలికాప్టర్లలో వస్తుంటారు. వైద్యులు రక్తం అంటిన చేతులతోనే పరిహాసాలాడుతుంటారు. అప్పటికి వియత్నాం యుద్ధం ముగియలేదు. అందువల్ల కొరియా పేరిట చెప్పిన మాట వర్తమానానికీ తగిలింది.

ఆనాటి హాస్య ధారావాహికలలో చమత్కారం వెంటనే ముందుగా రికార్డు చేసిన నవ్వులు వినిపించడం ఆనవాయితీ. గెల్బార్ట్ దీనిని వ్యతిరేకించారు. సంస్థ పట్టు విడువలేదు. చివరకు శస్త్రచికిత్స గదిలోని దృశ్యాలకు మాత్రం ఆ నవ్వులు ఉండరాదన్న ఒప్పందం కుదిరింది. ఇది స్వల్ప విజయంగా తోచవచ్చు. కాని ఆయన హాస్యదృష్టి ఇందులోనే వ్యక్తమవుతుంది. ఆ గదిలో వైద్యులు పరిహాసం మానరు. నవ్వాలో వద్దో ప్రేక్షకుడే నిర్ణయించుకోవాలి.

1975 మార్చిలో ప్రసారమైన భాగంలో, సేవాకాలం ముగించుకొని ఇంటికి బయలుదేరిన హెన్రీ బ్లేక్ అనే అధికారి విమానం కూలి మరణిస్తాడు. ఆ వార్త శస్త్రచికిత్స గదికే చేరుతుంది. వైద్యులు కన్నీరు పెడుతూనే పని కొనసాగిస్తారు. హాస్యం చూడవచ్చిన తమకు దుఃఖం ఎదురైందని ఎందరో ప్రేక్షకులు ఆగ్రహంతో లేఖలు రాశారు. ఆ ఆగ్రహం సహజమే. కాని న్యాయమైనది కాదు. యుద్ధం మనకు ఇష్టులైనవారిని మినహాయించదు. ఆ సత్యాన్ని మరుగుపరచే హాస్యం యుద్ధాన్ని వేడుకగా మారుస్తుంది.

పరుల వేదనను వినోదంగా మార్చుకొనే క్రౌర్యం కూడా చేదు హాస్యం పేరుతో చెలామణి అవుతుంది. ఈ రెంటికీ భేదం తెలియాలంటే, ఎవరిని చూసి నవ్వుతున్నామో గమనించాలి. గెల్బార్ట్ హాస్యానికి గురి గాయపడినవాడు కాదు. అతనిని అక్కడికి పంపిన అవివేకం.

1976లో గెల్బార్ట్ వైదొలగినా, మూడేళ్ల యుద్ధాన్ని గురించిన ఆ ధారావాహిక పదకొండేళ్లు సాగి 1983లో ముగిసింది. ఆయన 2009లో కన్నుమూశారు. ఆలంకారికులు చెప్పిన విరోధాన్ని ఆయన కాదనలేదు. నవ్వు ఎక్కడ ఆగాలో ఎరిగి, అక్కడ కరుణకు చోటిచ్చారు. హాస్యరచయితకు ఉండవలసిన వివేకం ఇదే.