మా మేస్త్రిలకు కొలత నేర్పండి

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

అనకాపల్లిలో నాకో పది చక్రాల లారీ ఉంది. చాలా ఏళ్లు నేనే నడిపాను, ఇప్పటికీ డ్రైవరు రాని రోజున నేనే ఎక్కుతాను. ఇక్కడి మార్కెట్ యార్డు నుంచి బెల్లం దిమ్మలు ఒడిశా, బెంగాల్ వైపు తీసుకెళ్లడం మా పని. ఆ బండికి ఒకే చక్రాన్ని మూడు నెలల్లో మూడుసార్లు విప్పించాను. ఆ సంగతి కాస్త వివరంగానే చెబుతాను. మిమ్మల్ని అడగబోయేది అందులోంచి పుట్టిందే.

మొదటిసారి ఖాళీ బండితో తిరిగొస్తూ లంకెలపాలెం దగ్గర టీకి ఆగాను. ఎడమవైపు వెనక చక్రం నుంచి కాలిన గ్రీజు వాసన. హబ్బు మీద చెయ్యి ఆనించలేకపోయాను. మర్నాడు షెడ్డులో విప్పితే లోపలి బేరింగు రోలర్లు వేడికి నీలం తిరిగాయి, సీలు చిరిగి ఆయిలు బ్రేకు లైనర్ల మీదికి పాకింది. మేస్త్రి కొత్త బేరింగు, కొత్త సీలు వేసి, గ్రీజు కూరి, నట్టు బిగించి పంపాడు. ఇరవై రోజులకి టెక్కలి దాటాక అదే చక్రం నుంచి పొగ. ‘బేరింగు డూప్లికేటు అయ్యుంటుంది’ అన్నాడు ఇంకో మేస్త్రి. డూప్లికేటు సరుకు దొరుకుతుందని తెలిసినవాణ్నే కనుక నేనూ నమ్మాను. ఈసారి ఖరీదైనదే కొన్నాను. నెల తిరక్కుండా అదీ పోయింది.

మూడోసారి ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కొత్త సామాను మాటే ఎత్తలేదు. పాత బేరింగులు రెండూ తెమ్మన్నాడు. గోనెసంచిలో పడేసి ఉంచడం నా అదృష్టం. డీజిల్‌తో కడిగి, లోపలి రేసులను వెలుతురులో మెల్లగా తిప్పి చూశాడు. రోలర్లు నడిచిన జాడ తిన్నగా లేదు, ఒక అంచు నుంచి రెండో అంచు వైపు ఏటవాలుగా పోయింది. రెంటి మీదా అదే జాడ. ‘రెండూ ఒక్కలాగే చచ్చేయి బాబూ. తప్పు బేరింగుది కాదు, అది కూకున్న చోటుది’ అన్నాడు.

యాక్సిల్ హౌసింగు చివర తుడిచి గోరు పెట్టి రాస్తే సన్నటి మెట్టు తగిలింది. లేత్ పనివాడి దగ్గర మైక్రోమీటరు అరువు తెచ్చి నాలుగు పక్కలా కొలిస్తే నాలుగు లెక్కలొచ్చాయి. బండి నా చేతికి రాకముందు ఎప్పుడో ఆ చోటు అరిగితే వెల్డింగు పోసి, గ్రైండరు పట్టి చేత్తోనే గుండ్రం చేశారు. కంటికి అది గుండ్రంగానే కనిపిస్తుంది.

ఇలాంటి బండ్లలో యాక్సిల్ షాఫ్టు పని చక్రాన్ని తిప్పడం వరకే. బరువంతా హౌసింగు గొట్టం నుంచి రెండు టేపర్ బేరింగుల మీదుగా హబ్బులోకి దిగుతుంది. కూర్చునే చోటు వంకరైతే ఎంత మంచి బేరింగు వేసినా బరువు దాని అంచు మీదే పడుతుంది. నట్టు సంగతీ ఉంది. చక్రాన్ని తిప్పుతూ బిగించి, మళ్లీ కొంచెం వదలాలి. చివరికి మిగలాల్సిన ఆట మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ, అంటే తల వెంట్రుక మందం. దాన్ని డయల్ గేజీతో చూడాలి. మా షెడ్లలో చేతి బలమే గేజీ. బిగువైతే బేరింగు కాలుతుంది, వదులైతే చక్రం ఊగుతుంది. హౌసింగు పైనుండే చిన్న గాలి గొట్టాన్నయితే ఎవరూ చూడరు. అది మట్టితో పూడితే లోపలి వేడికి ఒత్తిడి పెరిగి ఆయిలు సీలును తోసుకుని వచ్చేస్తుంది. నా బండికి అదీ పూడుకునే ఉంది. హౌసింగు మార్చి, గాలి గొట్టం శుభ్రం చేశాక ఆ చక్రం జోలికి వెళ్లే పని పడలేదు.

మొదటి ఇద్దరు మేస్త్రిల మీద నాకు కోపం లేదు. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే జాకీ, టార్చిలైటు పట్టుకుని హైవే మీదికి వచ్చే మనుషులు వాళ్లు. వాళ్ల చేతిలో కొలిచే సాధనం లేదు, కొలవాలని చెప్పినవాళ్లూ లేరు. కానీ బేరింగు పట్టేసి హబ్బు ఊడితే జంట టైర్లు, డ్రమ్ముతో సహా రోడ్డు మీదికి దొర్లుతాయి. 16వ నంబరు జాతీయ రహదారిలో మా ఊరి ముక్క మీద తెల్లవారకముందే అచ్యుతాపురం, పరవాడ ఫ్యాక్టరీల షిఫ్టులకి పిల్లలు మోటారు సైకిళ్ల మీద పోతుంటారు. వాళ్లని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు.

ఐటీఐలో డీజిల్ మెకానిక్ కోర్సు ఏడాది, మోటారు వెహికల్ మెకానిక్ కోర్సు రెండేళ్లు. మా మేస్త్రిల్లో చాలామంది ఏడో తరగతిలోనో ఎనిమిదిలోనో బడి మాని షెడ్డుకొచ్చినవాళ్లు. ఆ కోర్సుల్లో వాళ్లకి చోటు లేదు, రోజుకూలి మానుకుని వచ్చే వీలూ లేదు. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పనిలో నేర్చుకున్న విద్యను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. దాన్ని మా షెడ్ల దాకా తీసుకురండి. పది సాయంత్రాల పాఠం చాలు. హబ్బు, బేరింగు, సీలు, హౌసింగు, ఈ నాలుగే. పుస్తకం తెలుగులో, షెడ్డులో మాట్లాడే మాటల్లో ఉండాలి. టార్క్ రెంచ్, మైక్రోమీటరు, డయల్ గేజీ ఒక్కో షెడ్డు కొనుక్కోలేకపోవచ్చు. ఊరంతటికీ ఒక సెట్టు ఐటీఐలో పెట్టి, సంతకం తీసుకుని అరువివ్వండి.

చెరకు పంట కోసం అనకాపల్లిలో 1913లోనే పరిశోధన కేంద్రం పెట్టారు. ఏ రకం వెయ్యాలో, ఏ తెగులుకి ఏం చెయ్యాలో చెప్పేవాళ్లు రైతుకి నూరేళ్లుగా ఉన్నారు. ఆ చెరకునీ బెల్లాన్నీ మోసే చక్రాన్ని చూసే మనిషికి పది సాయంత్రాలు అడుగుతున్నాను.

పాఠం చెప్పడానికి మా పెద్దాయన ఒప్పుకున్నాడు. ఏటవాలు జాడ పడిన ఆ రెండు రేసులూ, వెల్డింగు పోసిన హౌసింగు ముక్కా నా దగ్గరే ఉన్నాయి. మీరు బల్ల వేయించిన రోజున తెచ్చి దాని మీద పెడతాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని, అనకాపల్లి