కండకు కసరత్తే మందు!

నాన్న మెట్లెక్కుతూ మోకాలి మీద చెయ్యి వేస్తున్నారా? తప్పు కీళ్లదే కాకపోవచ్చు. వయసుతోపాటు కండ కూడా కరుగుతుంది. బరువులెత్తితే అది కొంత తిరిగొస్తుంది. మరి దానికి ఓ మాత్ర కూడా తోడైతే?

మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ ఆయుష్షునూ పెంచుతుందేమోనని చాలామంది శాస్త్రవేత్తల ఆశ. అందుకే అమెరికాలోని కెంటకీ, అలబామా-బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు మధుమేహం లేని 65 ఏళ్లు పైబడినవారితో 14 వారాలపాటు బరువులెత్తించారు. కొందరికి రోజూ మెట్‌ఫార్మిన్, మిగతావారికి మందులేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. ఎవరిది ఏదో ఇచ్చినవారికీ తెలియదు. చివరిదాకా నిలిచింది 94 మంది.

2019లో ఫలితం చూస్తే అంతా తలకిందులు. కండ ఎక్కువగా పెరిగింది ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారికే! కండను పెంచే సంకేతాలను మెట్‌ఫార్మిన్ కాస్త అణచిపెడుతోందని అంచనా. బలం మాత్రం రెండు వర్గాలకూ పెరిగింది.

అలాగని షుగర్ ఉన్నవాళ్లు మాత్ర మానేయకూడదు. వాళ్లకది అవసరం. డాక్టర్‌ని అడగకుండా ఏ మార్పూ వద్దు. ఏ జబ్బూ లేకుండానే నిండు నూరేళ్లకని మందుల షాపుకెళ్లే వారే ఒక్కక్షణం ఆగాలి. నాన్నకు ముందుగా కొనివ్వాల్సింది మాత్రలు కాదు, చిన్న డంబెల్స్!