తాయిలాల రైలు

నోషిరో స్టేషన్‌లో రైలు ఆగీ ఆగగానే ప్రయాణికులు ప్లాట్‌ఫారం మీదికి దిగి వరుస కడతారు. అక్కడ ఒక బాస్కెట్‌బాల్ స్తంభం ఉంది. బంతి వల్లో పడితే ఆ ప్రాంతపు సుగి చెక్కతో చేసిన చిన్న బహుమతి చేతిలో పెడతారు. పడకపోతే నవ్వులు, చప్పట్లు. నెరిసిన జుట్టు పెద్దమనుషులు కూడా కోటు విప్పి పక్కనబెట్టి గురి చూస్తారు. అంతలో రైలు కదిలే వేళవుతుంది, అందరూ పరుగున వచ్చి సీట్లలో కూర్చుంటారు.

జపాన్ ప్రధాన ద్వీపం హోన్షు ఉత్తరపు కొసన, పడమటి తీరం వెంట సాగే ఈ మార్గం పేరు గోనో లైన్. ఈ దారిలో ఉన్న గోషొగవరా, నోషిరో పట్టణాల పేర్లలోంచి చెరో అక్షరం తీసుకుని పెట్టిన పేరిది. పొడవు 147 కిలోమీటర్లు, స్టేషన్లు 43. ఒకటే పట్టా, విద్యుత్ తీగల్లేవు. దీని మీద ‘రిసార్ట్ షిరకామి’ అనే విహారపు బండి అకిత నుంచి ఆమోరి వరకు తిరుగుతుంది. నిజానికి ఆ రెండు నగరాల మధ్య లోపలి మార్గంలో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటల్లోపే చేరుకోవచ్చు. ఇది సముద్రం చుట్టూ తిరిగి దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. బుల్లెట్ రైలును కనిపెట్టిన దేశంలో ఆలస్యంగా చేర్చడానికి టికెట్టు అమ్ముతున్నారన్నమాట. కొనేవాళ్లూ ఉన్నారు.

ఎందుకు కొంటారో కిటికీలోంచి చూస్తే తెలుస్తుంది. నోషిరో దాటి కొండల మలుపు తిరగ్గానే పట్టాల పక్కనే జపాన్ సముద్రం మొదలవుతుంది. కొన్నిచోట్ల అలల తుంపర అద్దాన్ని తాకేంత దగ్గర. నల్లటి రాళ్లు, వాటి మధ్య తెల్లటి నురగ, కుడివైపు షిరకామి పర్వతాల బీచ్ అడవులు. 1993లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన అడవులవి. మంచి దృశ్యం వచ్చినచోట డ్రైవర్ బండి వేగం తగ్గిస్తాడు. సముద్రం వైపు వరుసకు ‘ఏ’ అక్షరం. రిజర్వేషన్ చేయించేటప్పుడు ఆ ఒక్క అక్షరం గుర్తుంచుకుంటే చాలు.

సెంజోజికి దగ్గర కొన్ని బండ్లు పదిహేను నిమిషాలు ఆగుతాయి. ఆ పేరుకు వెయ్యి చాపలు పరిచినంత చోటు అని అర్థం. పద్దెనిమిదో శతాబ్ది చివర భూకంపంలో సముద్రపు అడుగు పైకి లేచి ఏర్పడిన రాతి బల్ల అది. త్సుగరు ప్రాంతపు ప్రభువు ఇక్కడ నిజంగానే వెయ్యి చాపలు పరిపించి విందు చేశాడని చెప్పుకుంటారు. ప్రయాణికులు రాళ్ల మీద నడిచి, ఫొటోలు తీసుకుని, బండి కూత వేసి పిలవగానే వెనక్కి వస్తారు. ఆ తర్వాత అజిగసావా దాటాక ముందు బోగీలో ఇద్దరు కళాకారులు మూడు తంతుల షామిసెన్ వాయిస్తారు. త్సుగరు బాణీ దెబ్బ దెబ్బగా, వడగళ్ల వానలా ఉంటుంది. కొన్ని రోజుల్లో ఆ మాండలికంలో కథలు చెప్పేవారూ ఎక్కుతారు. టోక్యో వాళ్లకే ఆ యాస సగం అర్థం కాదు, అయినా నవ్వుతారు. వీటి వేటికీ విడిగా రుసుము లేదు. పళ్లెం పట్టుకుని ఎవరూ రారు.

మన పత్రికల్లో ‘తాయిలాలు’ అన్న మాట ఎన్నికల ముందు తప్ప కనిపించదు. పిల్లవాడు ఏడుపు మానడానికి చేతిలో పెట్టే బెల్లం ముక్క అది. ఈ రైల్లో దొరికేవి కూడా తాయిలాలే. ఇక్కడ బుజ్జగించేది బయటినుంచి వచ్చే ప్రయాణికుణ్ని. ఎందుకంటే లోపలివాళ్లు తగ్గిపోతున్నారు.

నోషిరో సంగతే చూడండి. స్టేషన్‌లో బాస్కెట్‌బాల్ స్తంభం ఉత్త పుణ్యానికి రాలేదు. ఆ ఊరి సాంకేతిక ఉన్నత పాఠశాల జట్టు జాతీయ టైటిళ్లు 58 గెలిచింది. దేశమంతా చదివిన ‘స్లామ్ డంక్’ బొమ్మల కథలో తిరుగులేని జట్టుకు స్ఫూర్తి ఈ బడేనంటారు. అంతటి బడిని 2021లో మరో పాఠశాలతో కలిపేసి పేరు మార్చారు. పిల్లలు చాలకపోవడమే కారణం. అకిత రాష్ట్ర జనాభా 2017లో పది లక్షల కంటే దిగువకు పడిపోయింది. జపాన్‌లో వృద్ధుల శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది ఇక్కడే. బడికి వెళ్లే పిల్లలు, ఆసుపత్రికి వెళ్లే ముసలివాళ్లు, ఈ ఇద్దరే ఏ పల్లె రైలుకైనా నికరమైన గిరాకీ. మొదటివాళ్లు పుట్టడం లేదు, రెండోవాళ్లు ఎల్లకాలం ఉండరు.

గోనో లైన్ పూర్తయింది 1936లో. తూర్పు భాగాన్ని 1918లో ఒక ప్రైవేటు కంపెనీ వేస్తే 1927లో ప్రభుత్వం తీసుకుంది. ఈ తీరం అందమెంతో ప్రమాదమూ అంతే. 1972 డిసెంబరులో అలలు పట్టాల కింద నేలను కోసేయడంతో ఇంజిన్ సముద్రంలో పడిపోయింది, డ్రైవర్ చనిపోయాడు. ఇప్పటికీ చలికాలంలో గాలి పెరిగితే బండ్లు ఆపేస్తారు. ఇలాంటి మార్గాన్ని బాగుచేస్తూ నడపడం ఏ లెక్కన చూసినా గిట్టుబాటు వ్యవహారం కాదు.

గిట్టుబాటు లెక్క జపాన్‌లో 1980లోనే మొదలైంది. ఆ ఏడాది చేసిన చట్టం కింద ప్రయాణికులు చాలని 83 మార్గాలను ఏరివేశారు. సగానికి పైగా బస్సు దారులయ్యాయి, మిగిలినవాటిని స్థానిక సంస్థలు నెత్తికెత్తుకున్నాయి. 1987లో జాతీయ రైల్వేనే ముక్కలు చేసి కంపెనీలుగా మార్చారు. గోనో లైన్ తూర్పు జపాన్ కంపెనీ వాటాకు వచ్చింది. టోక్యో లోకల్ రైళ్ల లాభంతో ఇలాంటి నష్టాలు పూడ్చడం అలవాటుగా సాగిపోయింది. 1990లో ఈ మార్గంలో మొదటి విహారపు బండి వేశారు. 1997లో అకితకు బుల్లెట్ రైలు రాగానే, దిగినవాళ్లను పట్టుకోవడానికి అదే వసంతంలో రిసార్ట్ షిరకామి ప్రారంభమైంది.

కోవిడ్‌తో టోక్యో లోకళ్లు ఖాళీ అయ్యాయి. ప్రైవేటీకరణ తర్వాత తొలిసారి కంపెనీ నష్టంలో పడింది. ఆపైన 2022 జులైలో, ఎప్పుడూ బయటపెట్టని చిట్టా బయటపెట్టింది. ప్రయాణికులు పలచగా ఉన్న 35 మార్గాల్లోని 66 భాగాలు, అన్నీ నష్టాలే. 2019-20 ఒక్క ఏటికే మొత్తం సుమారు 6,930 కోట్ల యెన్లు. గోనో కూడా ఆ చిట్టాలో ఉంది. ఈ లెక్కలను పల్లెలు ఎలా చదువుకున్నాయో ఊహించడం కష్టం కాదు. మూసివేతకు ముందు వచ్చే మొదటి ఉత్తరంలానే చదువుకున్నాయి.

చిట్టా విడుదలై పది రోజులైనా గడిచాయో లేదో, ఆగస్టులో కుండపోత వర్షాలు. గోనో లైన్ చాలా చోట్ల తెగిపోయింది. అవే వర్షాలకు ఆమోరి రాష్ట్రంలోనే, తూర్పున ఉన్న త్సుగరు లైన్‌లో కనిత నుంచి మిన్మయా వరకు ఉన్న 28.8 కిలోమీటర్లూ దెబ్బతింది. ఒకే రాష్ట్రం, ఒకే కంపెనీ, ఒకే వాన. ఆ ఏడాది డిసెంబరు చివరికల్లా గోనో మళ్లీ మొత్తం తెరుచుకుంది. త్సుగరు భాగానికి మరమ్మతు చేయాలంటే కనీసం 60 కోట్ల యెన్లవుతాయని, రోజుకు వంద మందో మరికాస్త ఎక్కువో ఎక్కే మార్గానికి అంత పెట్టలేమని కంపెనీ కూర్చుంది. ఊళ్లు వాదించాయి, చర్చలు సాగాయి. చివరకు 2024 మేలో బస్సుకు ఒప్పుకున్నాయి.

తేడా ఎక్కడుంది? పొడవులో, ప్రయాణికుల సంఖ్యలో తేడా ఉన్న మాట నిజం. కానీ ఒకదానిమీద ఏటా దూరదూరాల నుంచి జనం వెతుక్కుంటూ వచ్చే బండి ఉంది, రెండోదానిమీద లేదు. షామిసెన్, చెక్క బహుమతి, పదిహేను నిమిషాల షికారు, ఇవన్నీ కలిసి పట్టాల మరమ్మతుకు పూచీకత్తు రాశాయనే నా అభిప్రాయం. దీన్ని విజయగాథగా చెప్పేవారున్నారు. నాకు అంత సంబరంగా అనిపించదు. కిటికీలోంచి సముద్రం కనిపించే ఊరి ముసలమ్మకు ఆసుపత్రికి రైలు దొరికి, కనిపించని ఊరి ముసలమ్మకు దొరకకపోవడం ఏ ప్రజాసేవ సూత్రం కిందికి వస్తుంది? బస్సు చాలదా అంటే చాలవచ్చు. అయితే ఆ నిర్ణయం అందాన్ని బట్టి జరగకూడదు కదా.

మనకు తెలిసిన ఉదాహరణ విశాఖ-అరకు అద్దాల బోగీ. 2017 ఏప్రిల్‌లో మొదలైంది, గిరాకీ బాగా ఉంది. కానీ ఆ కొత్తవలస-కిరండూల్ మార్గం బతుకు దానిమీద ఆధారపడి లేదు. 1960ల్లో ఆ మార్గం వేసిందే బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తెచ్చి జపాన్ ఉక్కు మిల్లులకు ఎగుమతి చేయడానికి. ఖనిజం ఉన్నంతకాలం అరకు సొరంగాలకు భయం లేదు, అద్దాల బోగీ అదనపు సొగసు. ఆ ఖనిజం కొన్న దేశంలోని ఈ తీరానికి మోయడానికి సరుకు లేదు. ఉన్నదల్లా దృశ్యమే.

విదేశీ పర్యాటకులకు జపాన్ ఇచ్చే తాయిలాల కథ వేరు. ఆ దేశంలో ఉండనివారు మాత్రమే వాడగల రైల్ పాస్ 1981 నుంచి ఉంది. ఏడు రోజుల పాస్ 29,650 యెన్లు ఉండేది. 2023 అక్టోబరులో ఒక్కసారిగా 50,000 చేశారు. కారణం స్పష్టం. 2003లో విదేశీయులను రమ్మని ప్రభుత్వం ప్రచారం మొదలుపెట్టిన ఏడు వచ్చినవారు 52 లక్షలు. 2024లో 3 కోట్ల 68 లక్షలు. అందులో మనవాళ్లు 2 లక్షల 30 వేల పైచిలుకు. క్యోటో వీధుల్లో నడవడానికి చోటు లేదు. ఫుజి కొండను ఫొటో తీసే గుంపుల బాధ పడలేక ఒక ఊరు 2024 మేలో రోడ్డు పక్కన నల్లటి తెర కట్టింది. 2026 మార్చి నుంచి ఊరివారికి 1000 యెన్లు, బయటివారికి 2500 యెన్ల టికెట్టు పెట్టాలని హిమేజీ కోట నిర్ణయం తీసుకుంది. రద్దీ ఉన్నచోట బయటివాడు బరువు, రద్దీ లేనిచోట అతిథి. రెండు ముఖాలూ ఒకే దేశానివి. విదేశీయుల్లో గోనో వైపు తిరిగేవారు చాలా కొద్దిమంది.

వచ్చినవారివల్ల ఊళ్లకు మిగిలేదేమిటన్నది ఇంకో ప్రశ్న. టికెట్టు డబ్బు కంపెనీకి పోతుంది. రిసార్ట్ షిరకామిలో కదలకుండా కూర్చుని ఆమోరిలో దిగేవాడు దారిలోని ఊళ్లలో ఖర్చుపెట్టేది ఒక కాల్చిన స్క్విడ్ ముక్కకు. అజిగసావాలో వసావో అనే బొద్దు అకిత కుక్కను చూడటానికి కొన్నేళ్లు జనం ఎగబడ్డారు. 2011లో సినిమా కూడా వచ్చింది. 2020లో ఆ కుక్క చనిపోయింది. ఒక కుక్కను నమ్ముకుని ఒక పట్టణం పర్యాటక ప్రణాళిక వేసుకోవాల్సి రావడం నవ్వు తెప్పించేదే, ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది.

ఫుకౌరా పట్టణం దీనికి ఒక ఉపాయం కనిపెట్టింది. అక్కడ అలల అంచునే, రాళ్ల మధ్య ఒక వేడినీటి స్నానఘట్టం ఉంది. ఇనుము వల్ల నీళ్లు తుప్పురంగులో ఉంటాయి. పేరు ఫురోఫుషి, అంటే ముసలితనం లేదు, చావు లేదు అని. సగటు వయసు ఏటేటా పెరిగే పట్టణంలో ఈ పేరు. పగలు వచ్చిపోయేవారికి ఆ ఘట్టం సాయంత్రానికి ముందే మూసేస్తారు. సూర్యాస్తమయం రాత్రి బసచేసేవారికే. మిగతా తాయిలాలు ప్రయాణికుణ్ని రైలెక్కిస్తాయి, ఇది ఒక్కటే దింపుతుంది. పెట్టినవారెవరో గానీ రాజకీయం తెలిసినవారు.

2023లో సవరించిన చట్టం ప్రకారం, రైల్వే కంపెనీ గానీ స్థానిక ప్రభుత్వం గానీ కోరితే కేంద్రం ఇరుపక్షాలనూ ఒక చర్చా మండలిలో కూర్చోబెట్టవచ్చు. పట్టాలుంచడమా, బస్సు వేయడమా తేల్చడానికి అక్కడ ముందుగా బల్లమీద పెట్టేది ఒకే అంకె: కిలోమీటరుకు రోజుకు సగటున ఎందరు ఎక్కారు. అది విహారపు బండి టికెట్టా, బడిపిల్ల పాసా అని ఆ అంకె చెప్పదు.

వెళ్లదలచినవారు ఒక రాత్రి ఫుకౌరాలో దిగి, మర్నాడు మామూలు రైలెక్కడం మంచిది. రోజుకు నాలుగైదు మాత్రమే ఉంటాయి, వేళలు ముందే చూసుకోవాలి. షామిసెన్ ఉండదు, బహుమతులుండవు. మధ్యలో తొదొరోకి అనే స్టేషన్ వస్తుంది. పేరులోని మొదటి అక్షరంలో గుర్రం గుర్తు మూడుసార్లు ఉంటుంది. ఒక చెక్క గది, దాని ఎదుట సముద్రం, చుట్టూ ఇంకేమీ లేదు. జపాన్‌లో ఎవరైనా వాడుకోగల చవక రైలు టికెట్టు పోస్టర్ మీద ఈ స్టేషన్ బొమ్మ వేశారు. ఆ పోస్టర్ చూసి వచ్చి దిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తర్వాతి రైలుకు కొన్ని గంటలు పడుతుంది కాబట్టి తినడానికేదైనా వెంట తెచ్చుకోవాలి, చుట్టుపక్కల దుకాణం లేదు.