గృహారోగ్యము: రోగశేషము

అప్పును, నిప్పును, రోగమును శేషముగా విడువరాదని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలోని మూడవ భాగము మా యింటనే మాకు బోధపడినది. పురుషుల వ్యాధిని గూర్చి స్త్రీల పత్రికలో వ్రాయనేల యని సోదరీమణులు కొంద ఱనుకొందురేమో! రోగము పురుషునిదైనను, కాగితములు భద్రపఱచునదియు, మందువేళ జ్ఞప్తికి దెచ్చునదియు, రాత్రులు మేలుకొనునదియు ఇల్లాలే కదా.

మూడేండ్ల క్రిందట మా పెదబావగారికి ప్రోస్టేటు గ్రంథియందు క్యాన్సరు కలిగెను. మూత్రాశయమునకు దిగువనుండు ఈ గ్రంథి పురుషులకు మాత్రమే కలదు. శస్త్రచికిత్సచే దానిని సమూలముగా తీసివైచిరి. గండము గడచినదని అందఱమును సంతసించితిమి. గత వేసవిలో మా తోడికోడలు తిథి చూచుటకు పంచాంగము విప్పగా, అందుండి రెండు నెలలనాటి రక్తపరీక్ష కాగితము జారిపడెను. బావగారు ఎవ్వరికిని చెప్పక దాచియుంచిరి. “గ్రంథియే లేనప్పుడు రోగ మెక్కడిది? చెప్పినచో మీరందఱు నేడ్తురు” అని వారి సమాధానము.

ఆ కాగితములోని సంగతి యిది. పి.ఎస్.ఏ. యనునది ఆ గ్రంథికణములు పుట్టించు నొక మాంసకృత్తు. గ్రంథిని తీసిన కొలది వారములలో అది రక్తమున కొలతకు అందనంతగా తగ్గవలెను. మఱల మిల్లీలీటరునకు 0.2 నానోగ్రాములకు చేరి, రెండవ పరీక్షయందును తగ్గకున్నచో, ఎక్కడనో కొన్ని రోగకణములు మిగిలినవని సాధారణముగా తలంతురు. నొప్పి యుండదు, గడ్డ కనబడదు, అంకె యొక్కటియే చెప్పును. అయినను ఆశ వదలుకొనవలసిన పని లేదు. ఆ కణములు గ్రంథి యుండిన తావుననే యున్నచో, అంకె స్వల్పముగా నున్నప్పుడే కిరణచికిత్స జరిపిన పూర్తిగా నయమగుటకు అవకాశము కలదు. అంకె పెరిగినకొలది ఆ యవకాశము తగ్గును.

శస్త్రచికిత్స కాగానే అందఱికిని కిరణము లేల ఇయ్యరని మేమడిగితిమి. 2020లో వెల్లడియైన రాడికల్స్ అను పరిశోధనలో, వెంటనే కిరణములు పొందినవారికంటె, అంకె పెరుగగానే పొందినవారు వెనుకబడలేదనియు, వీరికి మూత్రబాధలు తక్కువయనియు తేలినది. కావున వేచియుండుట తప్పు కాదు. వేచియుండి పరీక్ష మఱచుట తప్పు.

కిరణచికిత్స వారమునకు ఐదు దినముల వంతున నాలుగు మొదలు ఏడు వారములు జరుగును. దినమునకు కొన్ని నిమిషములే. నొప్పిగాని వేడిగాని తెలియదు. మాటిమాటికి మూత్రమగుట, విరేచనములు, అలసట కలుగవచ్చును. తరువాత ఎన్నడైన రక్తము కనబడినచో వైద్యునికి చెప్పవలెను. పొరుగువారి మాట విని మేము పసివాని నాలుగు దినములు తాతగారి యొడికి దూరముంచితిమి. అది మా యజ్ఞానము. బయటనుండి పంపు కిరణములు దేహమున నిలువయుండవు.

ఇక హార్మోను చికిత్స. పురుష హార్మోనును అణచినచో ఈ కణములు క్షీణించునని చార్లెస్ హగ్గిన్స్ షికాగోలో 1941లో చూపి, 1966లో నోబెలు బహుమతి నందెను. ఇప్పుడు నెలకో, మూడు నెలలకో, ఆరు నెలలకో యొక సూదిమందు, లేదా మాత్రలు ఇత్తురు. 2017లో వెలువడిన యొక పరిశోధనయందు, కిరణములతో పాటు రెండేండ్లు మాత్రలు వాడినవారిలో 12 ఏండ్లకు నూటికి 76 మందియు, కిరణములు మాత్రమే పొందినవారిలో 71 మందియు జీవించియుండిరి. అంకె మిక్కిలి తక్కువగా నున్నవారికి లాభము స్వల్పము. కావున మనవారికి ఈ మందు అవసరమా, ఎంతకాలమని వైద్యుని అడుగుటకు సంకోచింపరాదు.

సూదిమందు వేసిన కొన్ని వారములకు బావగారికి నడిరేయి దేహమంతయు వేడియావిరు లెగసి చెమటలు పట్టెను. రోగము ముదిరినదని వారు బెదరిరి. అక్కయ్యగారు నవ్వి, “ఇది నే నెఱిగినదే. ముట్లుడిగిన యేడు నేనిట్లే లేచి కూర్చుండగా, చలియని మీరు పంకా ఆపితిరి. ఇప్పుడు నేను వేసెదను, పడుకొనుడు” అనిరట.

విసుగు, బరువు పెరుగుట, దాంపత్యమున కోరిక తగ్గుట, ఎముకలు పలుచనగుట ఇవన్నియు మందు గుణములే. మగతనము పోయెనని పురుషులు లోలోన కుందుదురు. ఆ మాట ఇల్లాలు ముందుగా తీసినచో సగము భారము దిగును. ప్రతిదినము నడక, కండలకు తగిన వ్యాయామము, రాగి జావ, పాలు మేలు చేయును. చక్కెర, రక్తపు పోటు, ఎముకల బలము పరీక్షింపవలెను.

బావగారి యంకె మఱల కొలతకు అందనిదయ్యెను. మందు ప్రభావ మున్నంతవఱకు దీనిని నమ్మి నిశ్చింతగా నుండరాదని వైద్యులు హెచ్చరించిరి. తరువాతి పరీక్ష తేది ఇప్పుడు వంటయింటి గోడమీది క్యాలెండరులో అక్కయ్యగారి చేవ్రాతతో నున్నది. సోదరీ, మీ యింట నెవరికైన ఈ శస్త్రచికిత్స జరిగియున్నచో, కడపటి పరీక్ష కాగిత మెక్కడ నున్నదో నేడే యడుగుడు.