ఎలా అవుటయ్యావో అడగండి

ఆడపిల్ల ఆటలో ఓడి ఇంటికొస్తే మనలో చాలామంది నోట ముందుగా వచ్చే మాట, "చూసుకుని పరిగెత్తొద్దా?" అని. అడిగినట్టే ఉంటుంది కానీ అది అడగడం కాదు, తప్పు నీదేనని తేల్చేయడం. ఆ మాట రెండుమూడుసార్లు వింటే పిల్ల ఆట సంగతి ఇంట్లో చెప్పడం మానేస్తుంది. ఇంకొన్నాళ్లకు ఆటే మానేస్తుంది. అందుకే పిల్లలు ఆడే ఆట నియమాలు అమ్మలు కూడా తెలుసుకోవాలంటాను. ముఖ్యంగా సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ నియమాలు.

ఇవి మనకు కొత్త ఆటల్లా అనిపిస్తాయి. కానీ కబడ్డీ, ఖోఖోల పక్కన ఇవి కూడా స్కూల్ గేమ్స్‌లో ఉన్నాయి. ఖమ్మం దాటి భద్రాచలం అడవుల వైపు వెళ్తే ఎన్నో గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు. చిన్నప్పటి నుంచి గట్ల మీదా, కాలిబాటల్లోనూ నడిచి పెరిగిన పిల్లలు వాళ్లు. పరుగు వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది ఎప్పుడు పరిగెత్తాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే.

నాలుగు స్తంభాలాట ఆడినవాళ్లకు ఈ ఆట సులువుగానే అర్థమవుతుంది. స్తంభం పట్టుకుంటే భయం లేదు, వదిలితే దొంగ కాచుకుని ఉంటాడు. ఇక్కడ స్తంభాల బదులు మూడు బేస్‌లు, ఒక హోమ్ ప్లేట్. ఒక్కో బేస్‌కు మధ్య దూరం బేస్‌బాల్‌లో 90 అడుగులు, అమ్మాయిలు ఎక్కువగా ఆడే సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులు. అన్నీ వరసగా చుట్టి హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. ముగ్గురు అవుటైతే బ్యాటింగ్ అవతలి జట్టుకు వెళ్తుంది.

రన్నర్ అవుటయ్యే తీరుల్లో మొదటిది ఫోర్స్ అవుట్. క్రికెట్‌లో బంతిని కొట్టాక పరిగెత్తాలా వద్దా అన్నది మనిష్టం. ఇక్కడ అలా కాదు. బంతి గీతల లోపల నేల మీద పడిందంటే బ్యాటర్ మొదటి బేస్‌కు పరిగెత్తి తీరాలి. ఒక బేస్ మీద ఇద్దరు ఉండకూడదు కాబట్టి, అక్కడ అప్పటికే ఉన్న పిల్ల రెండో బేస్‌కు వెళ్లాల్సిందే. ఆమె చేరేలోపు ఫీల్డర్ బంతి పట్టుకుని రెండో బేస్ తొక్కితే చాలు, పిల్లను తాకకుండానే అవుట్. పాపం, ఆ అమ్మాయి చేసిన తప్పేముంది? వెనక నుంచి ఇంకొకరు వస్తున్నారు కాబట్టి తన చోటు వదిలింది. వెనక వచ్చే బ్యాటర్ ముందే అవుటైపోతే మాత్రం ఈ బలవంతం తొలగిపోతుంది. అప్పుడు ఆమె వెనక్కి వచ్చి తన బేస్ మీద నిలబడొచ్చు.

రెండోది ట్యాగ్. ఎవరూ తరమకపోయినా బేస్ వదిలిన రన్నర్‌ను ఫీల్డర్ బంతి ఉన్న చేత్తో తాకాలి. తప్పించుకోవాలని తన దారికి మూడడుగులు దాటి పక్కకు పోతే, తాకకపోయినా అవుటే. ఇక్కడ నిర్ణయం పిల్లదే. దొరికిపోయిందంటే అంచనా తప్పిందన్నమాట. అలా అంచనా వేసి సాహసం చేయకపోతే ఈ ఆటలో పరుగులు రావు.

మూడోది క్యాచ్ పట్టినప్పుడు. గాల్లోకి లేచిన బంతిని పట్టుకుంటే బ్యాటర్ అవుట్. బేస్‌ల మీదున్న వాళ్లు వెనక్కి వచ్చి తమ బేస్‌ను మళ్లీ తాకాకే ముందుకు కదలాలి. అలా తాకేలోపు బంతి ఆ బేస్‌కు చేరితే అవుట్. తాకకుండా ముందుకు పోతే అవతలి జట్టు అప్పీల్ చేయాలి, అడగందే అంపైర్ చెప్పడు. సాఫ్ట్‌బాల్‌లో ఇంకో కట్టుబాటు ఉంది. పిచర్ చేతిలోంచి బంతి వెళ్లకముందే బేస్ వదిలినా అవుటే. ఇవి తొందరపాటు అవుట్లు, సాధనతో సరిదిద్దుకోవచ్చు.

ఇక అడ్డం రావడం. కొట్టిన బంతిని పట్టబోతున్న ఫీల్డర్‌కు రన్నర్ అడ్డం పడితే రన్నర్ అవుట్. చేతిలో బంతి లేకుండా ఫీల్డరే దారికి అడ్డం నిలబడితే మాత్రం అంపైర్ రన్నర్ పక్షం వహిస్తాడు. ఇద్దరూ ఢీకొని పడ్డారని చూసి తప్పెవరిదో తేల్చడు. ఆ క్షణంలో దారి ఎవరి హక్కో చూస్తాడు.

ఇవన్నీ తెలియకుండా నింద వేస్తే ఏమవుతుందో చెప్పడానికి అమెరికాలో జరిగిన ఒక సంగతి ఉంది. 1908 సెప్టెంబర్ 23న న్యూయార్క్ జెయింట్స్, చికాగో కబ్స్ మధ్య మ్యాచ్. ఆఖరి ఘట్టంలో మొదటి బేస్ మీద 19 ఏళ్ల ఫ్రెడ్ మెర్కిల్ ఉన్నాడు. బ్యాటర్ బంతిని కొట్టాడు, మూడో బేస్ మీదున్నవాడు హోమ్ ప్లేట్ చేరాడు, గెలిచామని జనం మైదానంలోకి దూకారు. మెర్కిల్ రెండో బేస్ తాకకుండానే వెనుదిరిగాడు. అప్పట్లో చాలామంది ఆటగాళ్లు అలాగే చేసేవారు. కబ్స్ ఆటగాడు జానీ ఎవర్స్ బంతి తెప్పించి రెండో బేస్ తొక్కాడు. ఫోర్స్ అవుట్. మూడో అవుట్ అలా వస్తే ఆ పరుగు లెక్కలోకి రాదు. మ్యాచ్ సమమైంది, మళ్లీ ఆడిన మ్యాచ్‌లో జెయింట్స్ ఓడింది. "మొద్దుబుర్ర" అన్న పేరు మెర్కిల్‌ను జీవితాంతం వదల్లేదు. అయినా అతను ఆ తర్వాత చాలా ఏళ్లు ఆడగలిగాడు. జట్టు మేనేజర్ జాన్ మెక్‌గ్రా ఓటమికి ఆ కుర్రాణ్ని నిందించకుండా వెనక నిలబడ్డాడు.

ఇంట్లో ఆ మేనేజర్ పని మనది. అమెరికాలోనే పిల్లల లిటిల్ లీగ్ 1939లో మొదలైతే, అందులోకి ఆడపిల్లలను రానిచ్చింది 1974లో, అదీ కోర్టుల దాకా వెళ్లాక. అంత పెద్ద దేశంలోనే ఆడపిల్ల మైదానంలో అడుగు పెట్టడానికి అన్నేళ్లు పట్టింది. మన దగ్గర హాస్టల్ నుంచి మైదానం దాకా వెళ్లిన పిల్లను, ఒక్క అవుట్ కారణంగా వెనక్కి లాగేసుకుంటామా?

"మాకు చదువు లేదు, ఈ ఇంగ్లీషు ఆటలు మాకేం అర్థమవుతాయి" అంటారు కొందరు తల్లులు. పిల్లనే చెప్పమనండి. గింజలు పెట్టి బేస్‌లు చూపించమనండి. వామనగుంటలు, అష్టాచెమ్మా లెక్కలు నోటికి వచ్చిన మనకు ఇదేం లెక్క? చెప్పేటప్పుడు ఆ పిల్ల కూడా తన ఆటను మళ్లీ ఒకసారి చూసుకుంటుంది. ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ తన తప్పు లేదో తనకే తెలుస్తుంది.

ఈసారి ఆదివారం హాస్టల్‌కు వెళ్లినప్పుడు అమ్మాయి మొహం వేలాడేసుకుని ఎదురొస్తే, "ఎలా అవుటయ్యావు బిడ్డా?" అని అడగండి. చివరిదాకా వినండి. ఫోర్స్ అవుట్ అని చెబితే వీపు తట్టండి.