ఎవరి తరఫున మాట్లాడతారు?

ప్రియమైన మా యూత్ పిల్లలకు,

పోయిన యువజన కూటంలో వచ్చిన ప్రసంగీకులు మిమ్మల్ని లేపి నిలబెట్టి, కళ్లు మూయించి, "ఉద్యోగం వచ్చేసింది", "వీసా వచ్చేసింది" అని గట్టిగా ప్రకటించమన్నారు. మీరూ ప్రకటించారు. మీ ఆశను వెక్కిరించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఇంజనీరింగ్ పూర్తి చేసి కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరుగుతున్నవాడికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో నాకు తెలుసు. కానీ నోటి మాటకు శక్తి ఉందని బైబిలు చెప్పేది దీని గురించి కాదని నా నమ్మకం.

ఆయన సామెతలు 18:21 పదేపదే చదివించారు. ఇంటికెళ్లి ఆ అధ్యాయం మొత్తం చదివారా? కొండెగాడి మాటలు, పూర్తిగా వినకుండానే జవాబిచ్చేవాడి తెలివితక్కువతనం, వ్యాజ్యంలో ముందు మాట్లాడినవాడే న్యాయవంతుడిలా కనబడటం, అలిగిన సహోదరుణ్ణి మళ్లీ కలుపుకోవడం ఎంత కష్టమో. అందులో ఎక్కువగా ఉన్నవి ఇలాంటివే. మనిషికీ మనిషికీ మధ్య నడిచే మాట గురించి రాసిన అధ్యాయంలోంచి ఒక్క వచనం పీకి, దాన్ని వీసా దరఖాస్తుగా మార్చడం నాకు నచ్చలేదు. ఏదైనా కావాలంటే దేవుణ్ణి అడగండి. అడగడానికి ప్రార్థన ఉంది. ఆయనకు ఆర్డర్లు వేయడాన్ని విశ్వాసం అనకండి.

మాటకున్న అసలు బలం చూడాలంటే మొదటి రాజులు 12వ అధ్యాయం తీయండి. సొలొమోను చనిపోయాడు. షెకెములో ప్రజలు కొత్త రాజు రెహబాము ముందు నిలబడి, నీ తండ్రి మా మీద మోపిన బరువు కాస్త తగ్గించు, నీకు లోబడి ఉంటాం అన్నారు. అతను మూడు రోజులు గడువడిగాడు. తండ్రి కొలువులో ఉన్న పెద్దలు, ఈ పూటకు మృదువుగా మాట్లాడు, ఎప్పటికీ నీ వెంటే ఉంటారన్నారు. తనతో కలిసి పెరిగినవాళ్లు, ఇంకా గట్టిగా బెదిరించమన్నారు. అతను రెండోదే ఎంచుకున్నాడు. పది గోత్రాలు విడిపోయాయి. వెట్టిపనుల అధికారి అదోరామును జనం రాళ్లతో కొట్టి చంపారు, రాజు రథమెక్కి యెరూషలేముకు పారిపోయాడు. ఆ సలహాదారుల్ని యౌవనస్థులన్నారు కదా అని మిమ్మల్ని దెప్పడానికి ఈ కథ ఎత్తుకోలేదు. రెహబాముకు అప్పటికే 41 ఏళ్లు, అతని ఈడువాళ్లంటే ముదిరినవాళ్లే. కోపంలో నోరు జారితే ఎవరైనా క్షమిస్తారు. అది మూడు రోజులు కూర్చుని, కూడబలుక్కుని అన్న మాట.

కూడబలుక్కోవడం మన దగ్గరా ఉంది. దానికి మనం పెట్టుకున్న పేరు 'ప్రార్థన అంశం'. "బ్రదర్, ఫలానా సిస్టర్ కోసం కాస్త ప్రేయర్ చేయండి, ఎవరితోనో బైక్ మీద కనబడిందట, ఎవరికీ చెప్పకండి." శనివారం రాత్రి పంపిన ఆ వాయిస్ మెసేజ్ ఆదివారం ఆరాధన ముగిసేసరికి ఆ పిల్ల తల్లి చెవిన పడుతుంది. ఆవిడ ప్రేమవిందుకు ఆగదు. మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుని, వందనాలు చెప్పినవాళ్లకు కూడా తలెత్తకుండా గేటు దాటిపోతుంది. బైక్ మీదున్నది ఆ పిల్ల పిన్ని కొడుకని తర్వాత తెలుస్తుంది, కానీ ఆ సంగతిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు. పెద్దవాళ్లేం తక్కువ తినలేదు లెండి. వాళ్లు కాఫీ తాగుతూ చేసే పని మీరు ఫోన్లో చేస్తున్నారు.

మత్తయి 18లో ప్రభువు చెప్పిన వరస వేరు. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒంటరిగా వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దర్ని వెంటబెట్టుకెళ్లాలి. సంఘానికి చెప్పడం ఆ తర్వాతి సంగతి. మనం అక్కణ్ణుంచే మొదలుపెడతాం.

ముఖాముఖి చెప్పమన్నాను కదా అని మొహం మీద కొట్టినట్టు చెప్పకండి. వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఎలా చెప్పారో చూడండి. తిరునల్వేలి ప్రాంతం నుంచి మన దోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకుని సేవ చేసిన తమిళుడాయన. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మాట్లాడే అవకాశం వచ్చింది. అప్పటికి ఆయనకు 35 ఏళ్లు. సభ నిండా తెల్లవాళ్లే, భారతీయులు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. మిషనరీలు దేశీయ సేవకులను తమతో సమానంగా చూడరని, ఇళ్లకు పిలిచి పక్కన కూర్చోబెట్టుకోరని ఇక్కడ గొణుక్కునేవాళ్లకు కొదవలేదు. అజరయ్య ఆ మాటను సముద్రం దాటించి, వినవలసినవాళ్ల ఎదుటే పెట్టారు. ముందు వాళ్ల త్యాగాన్ని నిండు మనసుతో ఒప్పుకున్నారు. ఆ తర్వాతే, మాకింకా అందనిది మీ స్నేహం, అదివ్వండి అని అడిగారు. సభలో కొందరు నొచ్చుకున్నారు. అయినా ఆ మహాసభలో చేసిన ప్రసంగాల్లో ఈనాటికీ ఎక్కువగా తలుచుకునేది ఆయనదే. 1912లో ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడాయనే. ఆ రోజు ఆయన అడిగింది తన ఒక్కడి కోసం కాదని మరిచిపోకండి.

బర్నబా కూడా అలాంటివాడే. సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వస్తే శిష్యులు భయపడి దగ్గరికి రానివ్వలేదు. బర్నబా అతణ్ణి వెంటబెట్టుకెళ్లి, జరిగింది అపొస్తలులకు వివరించి చెప్పాడు. మీ నోళ్లకు అలాంటి పని అప్పజెప్పాలని నా కోరిక.

ఆ పని మన మధ్యే ఉంది. గిటార్ వాయించే మన అబ్బాయి కొన్నాళ్లుగా మందిరానికి రావడం లేదు. అతని గురించి గ్రూపులో చాలా నడిచింది గానీ, అతనితో ఎవరూ మాట్లాడలేదు. ఈ ఆదివారం లోపు మీలో ఇద్దరు వాళ్లింటికి వెళ్లండి. ఉపదేశం చేయొద్దు, అతను చెప్పేది మధ్యలో అడ్డుపడకుండా వినండి. ఆ తర్వాత సంఘంలో అతని తరఫున లేచి మాట్లాడే ధైర్యం మీలో ఎవరికుందో వాళ్లు నాకు ఫోన్ చేయండి.

ప్రభువునందు మీ,
సంఘ పెద్ద