యంత్రముఖంగా విషాదశ్రవణం

శ్రీమద్భగవద్గీత ప్రథమాధ్యాయంలో అర్జునుడు తన స్థితిని నివేదించుకున్న తీరు గమనార్హం. అవయవాలు పట్టు తప్పుతున్నాయి, నోరు ఎండిపోతోంది, శరీరం కంపిస్తోంది, చర్మం మండుతోంది, గాండీవం చేజారుతోంది, మనస్సు భ్రమిస్తోంది. ఈ విలాపం మొదలైనది లగాయతు అధ్యాయం ముగిసేవరకు భగవానుడు ఒక్క మాటైనా పలుకలేదు, విన్నాడు. ద్వితీయాధ్యాయారంభంలో మందలించిన మాట నిజమే. అయితే అది రథం మీద పక్కనే ఉన్న సఖుని మందలింపు. దూరాన నిలిచి "ధైర్యం తెచ్చుకో" అని చెప్పిపోయే బంధువులకు ఆ అధికారం లేదు.

ఈ శ్రవణధర్మాన్ని యంత్రసాధనాలతో నిర్వర్తించవచ్చునా? కూడదని కొందరు ఆస్తికులు వెంటనే తీర్పు చెబుతారు. అది తొందరపాటు. భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 సంఖ్య ద్వారా ఏ వేళనైనా, ఉచితంగా, తెలుగులోనే తమ బాధ చెప్పుకోవచ్చు. మనోవైద్యుని గడప తొక్కితే నలుగురి కంటా పడతామని జంకే తల్లికి, అర్ధరాత్రి దాటినా నిద్రపట్టక హాస్టల్ గదిలో కుమిలిపోయే విద్యార్థికి అది ఒక సేతువు. ఆ సేతువు ఆవలి ఒడ్డున ఉన్నది మనిషి.

మనిషి లేని సేతువు సంగతి వేరు. 1966లో అమెరికాలోని ఎం.ఐ.టి. ఆచార్యుడు జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలిజా' అనే సంభాషణా ప్రోగ్రామును ప్రకటించాడు. ఎదుటివారి వాక్యాన్నే ప్రశ్నగా మార్చి తిప్పి పంపడమే దాని విద్య. అయినా దాని నిర్మాణాన్ని కళ్ళారా చూసిన ఆయన కార్యదర్శియే, రెండు మాటలు నడిచాక, గది విడిచి వెళ్ళమని ఆయనను కోరింది. ఆయన గర్వించలేదు, కలత చెందాడు. దుఃఖితుడు వినేవారి కోసం అంతగా తపిస్తాడు మరి! ఆత్మౌపమ్యంతో పరదుఃఖాన్ని తన దుఃఖంగా ఎరిగినవానిదే కరుణ. యంత్రానికి ఆ అనుభవం ఎక్కడిది? కృత్రిమ మేధ రోగికి స్వయంగా సలహాగాని, ఔషధంగాని ఇవ్వరాదని 2020 నాటి భారత దూరవైద్య మార్గదర్శకాలు నిషేధించడం సముచితం. యంత్రంతో మనసు విప్పుకున్నవారిని మాత్రం పరిహసించరాదు. వారిని మనిషికి అప్పగించడం ఆ యంత్రపు ప్రథమ కర్తవ్యం కావాలి. అక్కడ చెప్పుకున్న రహస్యాన్ని సరుకుగా అమ్ముకోవడం విశ్వాసఘాతుకమే.

చరకుడు దైవవ్యపాశ్రయం, యుక్తివ్యపాశ్రయం, సత్త్వావజయం అని చికిత్సను మూడు విధాలుగా చెప్పాడు. ఒకటి ఉంటే తక్కినవి వద్దని చెప్పలేదు. ఇట్టి కుటుంబాలు ఎన్నో మొదట ఆలయానికే వస్తాయి. శాంతిహోమం చేయించుకుంటే దోషం లేదు. "మందులు మాని మండలదీక్ష పట్టండి" అనే అర్చకుడు మాత్రం పాపం మూటగట్టుకుంటున్నాడు. అంతకంటె, 14416 సంఖ్యను ఆర్జితసేవల పట్టిక పక్కనే పెద్ద అక్షరాలతో వ్రాయించవచ్చు. ఫోన్ చేయడానికి వెరచేవారి చెంత, ఆ మాట ముగిసేదాకా, అర్చకుడో ధర్మకర్తో కూర్చోవచ్చు.